హీరోలు లేని నాలుగు పెట్టెలు: ప్రాజెక్టు డైరీ

జూన్: ఎవరిని తీసుకోవాలి

అవతార్: ద లాస్ట్ ఎయిర్‌బెండర్ యానిమేషన్ సిరీస్‌లో హీరో ఆంగ్ బృందం ఏ ఊరు దాటినా వెనకాల ఎవరిదో ఒకరి సరుకు నేలపాలై ఉంటుంది. మనం హీరోలతో పాటు ఎగిరిపోతాం కాబట్టి అక్కడ మిగిలినవాళ్లు ఏమయ్యారో పట్టించుకోం. ఆ మిగిలినవాళ్ల వైపు నిలబడి నాలుగు పెట్టెలు కట్టాలన్నది పని. దసరాకి బొమ్మల కొలువులో కింది మెట్టు మీద పెట్టాలి. షరతు ఒక్కటే: ఏ పెట్టెలోనూ హీరో కనపడకూడదు, ఆంగ్ అంగీ అంచు కూడా.

సిరీస్ 2005 నుంచి 2008 దాకా నికలోడియన్‌లో వచ్చింది, మూడు పుస్తకాలు (సీజన్లని అందులో అలా పిలుస్తారు), మొత్తం 61 భాగాలు. చిన్న పాత్రల జాబితా రాయడం మొదలుపెడితే అంతూ పొంతూ ఉండదు. సుకి, ఐరో, టై లీ వెంటనే బయటికి. వాళ్లకి అభిమానులు తక్కువేం కాదు. ఎప్పుడూ ఒకే నవ్వుతో ఊరు చూపించే జూ డీ గురించి చాలాసేపు వాదన నడిచింది. ఆ నవ్వు బొమ్మలో పట్టుకోవడం మాకు చేతకాని పని, పక్కన పెట్టాం. చివరికి నిలిచినవాళ్లు నలుగురు: క్యాబేజీ వర్తకుడు, టీ కొట్టుకి వచ్చే అమ్మాయి జిన్, క్యోషి దీవిలో నోట నురగ కక్కి పడిపోయే మనిషి, దాదాపు నోరు విప్పని విలుకాడు లాంగ్‌షాట్.

వర్తకుడు లేకుండా ఈ పని మొదలెట్టడమే దండగ. మొదటి పుస్తకం 5వ భాగంలో ఒమాషు నగరం ద్వారం దగ్గర కాపలావాళ్లు అతని బండిని లోయలోకి నెట్టేస్తారు. అదే భాగంలో మళ్లీ బండి కట్టుకుని ఊళ్లోకి వస్తే, సరుకుల జారుడు దారుల్లోంచి దూసుకొచ్చిన ఆంగ్ బృందం సరిగ్గా దాని మీదే పడుతుంది. 9వ భాగంలో రేవు ఊళ్లో ఇంకో బండి పోతుంది. రెండో పుస్తకంలో ఫుల్ మూన్ బే పడవల రేవు దగ్గర తనిఖీలో క్యాబేజీలన్నీ పోతాయి. ఇన్నిసార్లు నష్టపోయినవాడు ప్రతిసారీ కొత్త బండితో, నిండుగా పేర్చిన సరుకుతో తిరిగొస్తాడు. మూడో పుస్తకంలో ఎంబర్ దీవి నాటకం భాగం ఉంది కదా, ఆ నాటక రచయితకి సమాచారం ఇచ్చినవాళ్లలో అన్నీ తెలిసిన ఒక క్యాబేజీ వ్యాపారి కూడా ఉన్నాడని చదివి వినిపిస్తారు. అంటే హీరోల చరిత్రలో కొంత మనకి నాటకంగా అందింది అతని నోటి మీదుగానే. 2012లో వచ్చిన తర్వాతి సిరీస్ లెజెండ్ ఆఫ్ కోరాకి వచ్చేసరికి క్యాబేజీ కార్ప్ అని ఏకంగా కంపెనీయే ఉంటుంది. అతనికి గొంతిచ్చిన జేమ్స్ సీ 2024 నెట్‌ఫ్లిక్స్ సిరీస్‌లో అదే వర్తకుడిగా స్వయంగా కనపడ్డాడు కూడా. ఇంత చరిత్ర ఉన్న మనిషికి మొదటి సిరీస్‌లో ఎక్కడా పేరు చెప్పరు.

జులై: పెట్టెలు

సిరీస్ తీసింది పాత టీవీ కొలతలో, 4:3లో. పెట్టె ముందు తెరుపు కూడా అదే లెక్కన పెట్టాం: లోపలి వెడల్పు 240 మి.మీ., ఎత్తు 180, లోతు 150. వెడల్పాటి 16:9 పెట్టె చూడ్డానికి బాగానే ఉంటుంది కానీ, సిరీస్ ఫ్రేములు ఆపి పక్కన పెట్టి చూస్తే అందులో ఏదీ ఇమడదు. ఎత్తు ఎక్కువుంటేనే లోయ లోయలా కనపడుతుంది.

4 మి.మీ. ఎండీఎఫ్ (చెక్కపొడి అదిమి చేసే పలక), లేజర్ కటింగ్. 4 మి.మీ. అని అమ్మే పలక నిజంగా 3.7 నుంచి 4.1 దాకా ఎంతైనా ఉండొచ్చు. కట్ చేయించే పలకనే వెర్నియర్‌తో నాలుగు మూలలా కొలిచి, ఆ కొలతకే గాడులు గీయాలి. లేజర్ తనవంతుగా 0.15 నుంచి 0.2 మి.మీ. తినేస్తుంది, ఆ లెక్క వేయకపోతే అతుకులు వదులై పెట్టె ఊగుతుంది. ముందు రెండు గాడులున్న చిన్న ముక్క ఒకటి కోయించి బిగుతు చూసుకుంటే పలక మొత్తం పాడవదు.

బెంగళూరులో ఈ నెలలో ఎండీఎఫ్‌తో అసలు తలనొప్పి తేమ. పలక ముఖం మీద ఏమీ కాదు, కోసిన అంచులు మాత్రం నీళ్లు పీల్చి ఉబ్బుతాయి. నీళ్లరంగు నేరుగా వేసినా ఇదే కథ. ఫెవికాల్‌లో సమానంగా నీళ్లు కలిపి అంచులకి రెండు పూతలు, మధ్యలో 220 నంబరు ఉప్పుకాగితం. ఆ తర్వాతే ప్రైమర్. పెట్టె వెనక గోడా నేలా కలిసే మూల కనపడకుండా 250 జీఎస్‌ఎం కార్డు కాగితాన్ని వంపుగా లోపల దోపాం. మూల గీత కనపడితే ఎంత బాగా రంగులు వేసినా కన్ను అది గదేనని పట్టేస్తుంది. కార్డుని అంటించేది పైఅంచున, కిందిఅంచున మాత్రమే. మొత్తం అంటిస్తే తేమకి బుడగలు లేస్తాయి.

జులై చివర: క్యాబేజీలు

మొదట అనుకున్న స్కేలు 1:12. ఆ లెక్కన మనిషి 14 సెం.మీ. వస్తాడు, కింద లోయకి చోటు మిగలదు. అందుకే 1:18కి దిగాం. మనిషి 9.2 సెం.మీ., బండి పలక 83 మి.మీ. పొడవు, 44 వెడల్పు, చక్రం 39 మి.మీ. 18 సెం.మీ. ఉండే అసలు క్యాబేజీ సరిగ్గా 10 మి.మీ. అవుతుంది.

పది మిల్లీమీటర్ల క్యాబేజీని గుండ్రటి ముద్ద చేసి ఆకుపచ్చ రంగేస్తే అది పచ్చి బఠాణీ. క్యాబేజీ అనిపించేవి రెండే: ఆకు అంచు ముడత, ఈనెల జాలం. ఈనెల కోసం చాలా ఆకులు ఒత్తి చూశాక పుదీనా నిలిచింది. పుదీనా కొసన వచ్చే లేత ఆకు, సెంటీమీటరు మించనిది, దాని అడుగువైపు ఈనెలు ఉబ్బెత్తుగా, క్యాబేజీ ఆకులో ఉన్నట్టే గళ్లుగళ్లుగా ఉంటాయి. తులసి ఈనెలు మరీ నున్నగా ఉన్నాయి. ముదిరిన పుదీనా ఆకైతే స్కేలుకి పెద్దది.

మట్టి ఇంట్లో చేసుకున్నదే. కార్న్‌ఫ్లోర్ ఒక కప్పు, ఫెవికాల్ ఒక కప్పు, వెనిగర్ రెండు చెంచాలు, నూనె ఒక చెంచా. నాన్‌స్టిక్ గిన్నెలో సన్నని మంట మీద ఆపకుండా కలుపుతూ, ముద్ద గిన్నెని వదిలేదాకా ఉంచి దించాలి. ఎక్కువసేపు ఉడికితే చల్లారాక పొడిపొడిగా చిట్లుతుంది, తక్కువైతే వేళ్లకి అంటుకుంటుంది. చేతికి నూనె రాసుకుని బాగా మర్దించి, పాలిథిన్ కవర్లో గాలి తగలకుండా చుట్టి ఒక రాత్రి ఉంచితే సాగుతుంది. వెనిగర్ మానేస్తే ఈ వానల్లో బూజు ఖాయం. రెండు చుక్కల లవంగనూనె వేసినా మంచిదే, వాసన మాత్రం పెట్టె తెరిచినప్పుడల్లా పళ్ల డాక్టరు గది గుర్తొస్తుంది.

ఈ మట్టి ఎండేటప్పుడు పదో వంతు నుంచి ఐదో వంతు దాకా ముడుచుకుపోతుంది. మొత్తం మట్టితోనే ఉండ చేస్తే పైపొర ముందు ఎండి, లోపలిది తర్వాత ముడుచుకుని పగులుతుంది. అందుకని లోపల 6 మి.మీ. చెక్కపూస. పూస మీద పలచగా ఫెవికాల్. మట్టిని రెండు ప్లాస్టిక్ షీట్ల మధ్య అర మిల్లీమీటరు మందానికి ఒత్తి, పుదీనా ఆకు అడుగువైపు పెట్టి నొక్కి, 8 మి.మీ. గొట్టంతో గుండ్రాలు కోయాలి. ఒక్కో గుండ్రం అంచుని అరచేతిలో పెట్టి గుండుసూది తలతో నలుచుకుంటూ పోతే అది పలచబడి దానంతటదే ముడత పడుతుంది. మొదటి మూడు ఆకులు పూసని పూర్తిగా కప్పుతూ, ఒకదాని మీద ఒకటి సగం ఎక్కేలా. పైన ఇంకో మూడు, అంచులు కాస్త ఎడంగా. కిందపడి దొర్లే వాటికి మాత్రం విచ్చుకున్న ఆకులు రెండు అదనం.

మొత్తం 38 కావాలి: బండిలో 24, నేల మీద 5, గాల్లో 9. బండిలో కింది వరసవి ఎలాగూ కనపడవు, వాటికి ఒట్టి పూసకి రంగు చాలు.

రంగుల దగ్గర కొంచెం తగువు నడిచింది. కేఆర్ మార్కెట్‌లో కుప్పలు చూసి వచ్చి అసలు క్యాబేజీలా వేద్దామన్నది ఒక పక్షం: నీలంపూత ఉన్న పైఆకులు, లోపల పాలిపోయిన పసుపు, పైన తడి మెరుపు. వేసి చూస్తే కూరగాయల కొట్టు నమూనాలా ఉంది, సిరీస్ గాలి తగల్లేదు. బొమ్మలు గీసి రంగులేసే సెల్ యానిమేషన్‌లో వస్తువుకి సాధారణంగా రెండు రంగులు, ఒకటి వెలుగుకి, ఒకటి నీడకి, మధ్యలో కచ్చితమైన గీత. అదే పద్ధతిలో: మొత్తానికి తెలుపు, లెమన్ ఎల్లో, చిటికెడు శాప్ గ్రీన్ కలిపిన రంగు. ఎడమ కిందివైపు మూడో వంతుకి అదే రంగులో శాప్ గ్రీన్, కొంచెం నీలం పెంచి నీడ, అంచుని కలిపేయకుండా. ఈనెల మీద ఆరిన కుంచెతో తెల్లరంగు ఒక్కసారి తాకించడం. పైన మ్యాట్ వార్నిష్. స్ప్రే వార్నిష్ వానరోజు కొడితే తెల్లగా మసకబారుతుంది. గాల్లో తేమ ఆ పొరలో చిక్కుకుంటుంది. ఎండపొడ వచ్చేదాకా ఆగడమో, నీళ్లతో కలిసే వార్నిష్‌ని కుంచెతో వేయడమో చేయాలి. మేం రెండోదే చేశాం, బెంగళూరు ఎండని నమ్ముకుంటే దసరా దాటిపోతుంది.

ఆగస్టు: బండి, లోయ, వర్తకుడు

బండికి ఐస్‌క్రీం పుల్లలు. 114 మి.మీ. పొడవు, 10 వెడల్పు, 2 మందం. 1:18లో ఒక్కో పుల్ల 18 సెం.మీ. వెడల్పు పలకకి సమానం, బండి నేలకి సరిపోతుంది. పక్కల కటకటాలకి నిలువునా రెండుగా చీల్చినవి. ఇరుసుకి 3 మి.మీ. వెదురు పుల్ల.

కొత్త పుల్లకి పాతచెక్క రంగు తెప్పించే పద్ధతి: స్టీల్ ఊలు ముక్క వెనిగర్లో వేసి రెండు మూడు రోజులు వదిలేస్తే ఇనుపనీళ్లు తయారవుతాయి. మూత బిగించొద్దు, లోపల గ్యాసు పుడుతుంది. ఈ నీళ్లు చెక్కలోని వగరు పదార్థం టానిన్‌తో కలిసి బూడిద, నలుపు రంగులు తెస్తాయి. ఐస్‌క్రీం పుల్లల్లో టానిన్ అంతంతమాత్రం. ముందు చిక్కటి టీ డికాక్షన్ పట్టించి, ఆరాక ఇనుపనీళ్లు రాస్తే నిమిషాల్లో తిరుగుతుంది. కాఫీ డికాక్షన్‌తోనూ వేసి చూశాం. మరక పడింది కానీ ఆ బూడిద రంగు రాలేదు.

విరిగిన చోట్లు బ్లేడుతో కోస్తే పట్టుబడిపోతాయి. వెనకవైపు సగం లోతు గాటు పెట్టి, ముందుకి వంచి విరిస్తే నారలు లేస్తాయి. ఆ నారలకి ఇనుపనీళ్లు రాయకూడదు, అప్పుడే విరిగిన చెక్క లోపల తెల్లగానే ఉంటుంది. ఈ పెట్టెలో మాకు బాగా నచ్చిన ముక్క ఇదే: నల్లబడ్డ పాత బండి, అందులో నాలుగు చోట్ల తెల్లటి విరుపు.

ఘట్టం ఒమాషు ద్వారం. 60 మి.మీ. ఎత్తు గట్టు, దాని అంచున 40 డిగ్రీలు వాలిన బండి, ఒక చక్రం అప్పటికే ఊడింది. గట్టు థర్మకోల్ పొరలు పేర్చి, వేడి కత్తితో కాకుండా వేళ్లతో గిల్లి చేశాం; రాయి పగులులా వస్తుంది. థర్మకోల్ మీద స్ప్రే పెయింటు నేరుగా కొడితే అందులోని సాల్వెంట్ దాన్ని తినేస్తుంది. ముందు ఫెవికాల్, వాల్‌పుట్టీ కలిపిన పూత తప్పనిసరి.

గాల్లో తొమ్మిది క్యాబేజీలు మూడు వరసల్లో పడుతున్నాయి. సమాన దూరాల్లో పెడితే దారానికి గుచ్చిన దండలా ఉంటుంది. పడే వస్తువు సమాన కాలాల్లో దాటే దూరాలు 1, 3, 5 నిష్పత్తిలో పెరుగుతాయి. మాకున్న 60 మి.మీ.లో గట్టు అంచు నుంచి మొదటిదానికి 5 మి.మీ., అక్కడి నుంచి రెండోదానికి 15, మూడోదానికి 25. మూడు వరసల్నీ కాస్త ముందువెనకలుగా పెట్టగానే పడుతున్నాయన్న భావన వచ్చేసింది, ఇంకేమీ చేయక్కర్లేకపోయింది.

వాటిని పట్టుకునేది 0.8 మి.మీ. స్ప్రింగ్ స్టీల్ తీగ, ఎస్‌జేపీ రోడ్డు హార్డ్‌వేర్ కొట్లలో దొరుకుతుంది. చేపల గాలం దారంతో వేలాడదీస్తే ఎవరైనా పక్కన నడిచినా ఊగుతాయి. తీగ వెనక గోడలోంచి నేరుగా చూసేవాడి కంటివైపు రావాలి. అప్పుడు ఒక్కో క్యాబేజీ తన తీగని తనే కప్పుకుంటుంది. పెట్టెకి ఒకే తెరుపు ఉండడం ఇక్కడ కలిసొస్తుంది. తీగ 80 మి.మీ. దాటితే వణుకుతుంది. క్యాబేజీకి 0.9 మి.మీ. రంధ్రం వేసి అరాల్డైట్‌తో అతకాలి. ఫెవిక్విక్ వద్దు: తేమలో దాని ఆవిరి చుట్టూ తెల్లటి పొడిలా పేరుకుని రంగుని పాడుచేస్తుంది.

వర్తకుడి మొహం చేయలేదు. అతను మనకి వీపు చూపిస్తూ, రెండు చేతులూ తల మీద పెట్టుకుని లోయకేసి చూస్తున్నాడు. 9 సెం.మీ. బొమ్మకి 11 మి.మీ. తల, అందులో అరిచే నోరు చెక్కితే వెక్కిరింపుగా తయారవుతుంది. వీపు, మోచేతులు చాలు. సిరీస్ చూసినవాళ్లకి ఆ అరుపు ఎలాగూ వినపడుతుంది. లోపల 1 మి.మీ. అల్యూమినియం తీగ రెండు పేటలు మెలేసి, నడుముకి సిల్వర్ ఫాయిల్ చుట్టి, పైన ఎమ్‌సీల్. ఒకేసారి మొత్తం కలపకుండా బఠాణీ గింజంత కలుపుకుంటూ వెళ్లాలి, ఎండకాస్తే చేతిలోనే బిగుసుకుంటుంది. అంగీకి టిష్యూ కాగితం ఒక్క పొర, సమానంగా నీళ్లు కలిపిన ఫెవికాల్‌లో ముంచి చుట్టడం. మడతలు పుల్లతో కిందకి లాగాలి. భుజాలు పైకి లేచాయి కాబట్టి అంగీ వెనక అంచు కూడా లేవాలి. ఆ చిన్న సంగతి వదిలేస్తే మనిషి కొయ్యలా కనపడతాడు.

కాపలావాళ్లు, ద్వారం, ఆంగ్: ఎవరూ లేరు. గట్టు మీద బూటు గుర్తులు మాత్రం రెండు జతలు.

సెప్టెంబరు: జిన్ దీపాలు

బా సింగ్ సే నగరం కథల భాగం (రెండో పుస్తకం, 15వది) అనగానే అందరికీ ఐరో కొండ మీద పాడే పాటే గుర్తొస్తుంది. ఐరోకి గొంతిచ్చిన మాకో 2006లో పోయాడు, ఆ కథ అతనికే అంకితం, కాబట్టి అది న్యాయమే. అదే భాగంలో ఐరోతో పాటు ఆ ఊళ్లో దాక్కున్న నిప్పు రాజ్య యువరాజు జూకో కథ కూడా ఉంది, అందులో టీ కొట్టుకి వచ్చే జిన్ ఉంది. అతన్ని తనకిష్టమైన ఫౌంటెన్ దగ్గరికి తీసుకెళ్తుంది. వెళ్తే దీపాలు వెలిగించి లేవు. కళ్లు మూసుకోమని చెప్పి జూకో అన్నిటినీ వెలిగిస్తాడు. ఆ ఊళ్లో నిప్పు విద్య బయటపడితే ప్రాణం మీదకొస్తుంది, అందుకే ఆ కళ్లు మూసుకోవడం. తర్వాత ఉచిత టీ కూపన్ ఒకటి ఇచ్చి, కారణం చెప్పకుండా వెళ్లిపోతాడు. ఆమె అక్కడే ఉంటుంది.

కాబట్టి చూసేవాళ్లకి దీపాలు వెలగడం కనపడకూడదు. తలుపు తెరిచేసరికి వెలిగి ఉండాలి. ఆర్డ్యునో కంట్రోలర్ బోర్డు, మెల్లగా పెరిగే వెలుతురు అంటూ మొదలైన ఆలోచనలన్నీ ఈ ఒక్క లెక్కతో కొట్టుకుపోయాయి. కావలసింది ఫ్రిజ్ తలుపు స్విచ్ లాంటిది. ఎస్పీ రోడ్డులో మీటా ఉన్న మైక్రో స్విచ్ తీసుకుంటే మూడు కాళ్లుంటాయి: కామన్, ఎన్ఓ (మీట నొక్కితే కలిసేది), ఎన్‌సీ (నొక్కితే తెగేది). కామన్, ఎన్‌సీ వాడాలి. తలుపు మూసి మీట నొక్కుకున్నప్పుడు సర్క్యూట్ తెగుతుంది, తెరవగానే కలుస్తుంది. మామూలు రీడ్ స్విచ్, అయస్కాంతం పెడితే తిరగబడి పనిచేస్తుంది, తలుపు మూసినప్పుడు వెలుగుతాయి.

14 దీపాలు, అన్నీ 3 మి.మీ. వార్మ్ వైట్ ఎల్ఈడీలు. మూడు ఏఏ సెల్స్, 4.5 వోల్టులు. ఒక్కో ఎల్ఈడీకి విడిగా 330 ఓమ్‌ల రెసిస్టర్: ఎల్ఈడీ దాదాపు 3 వోల్టులు తీసుకుంటే మిగిలిన 1.5ని 330తో భాగిస్తే 4.5 మిల్లీ ఆంపియర్లు. లాంతరుకి అది ధారాళం, మొత్తం 63 మిల్లీ ఆంపియర్లు. అన్నిటికీ కలిపి ఒకటే రెసిస్టర్ పెడితే ఎల్ఈడీల మధ్య వోల్టేజీ తేడాల వల్ల కొన్ని మెరుస్తాయి, కొన్ని మసగ్గా ఉంటాయి. పవర్‌బ్యాంకు పెడదామని అనిపిస్తుంది. ఇంత తక్కువ కరెంటు లాగితే చాలా పవర్‌బ్యాంకులు ఫోన్ తీసేశారనుకుని కాసేపటికి ఆగిపోతాయి. సెల్స్ నీరసించేకొద్దీ దీపాలు మెల్లగా తగ్గుతాయి, అది ఈ పెట్టెకి నప్పుతుంది.

లాంతరు గాజుకి అక్వేరియం గాలిగొట్టం. సిలికాన్‌ది, పాలరంగుది, లోపలి వ్యాసం 4 మి.మీ. మూడు మిల్లీమీటర్ల ఎల్ఈడీ అడుగు అంచు 3.8 దాకా ఉంటుంది, లోపల సరిపోతుంది. 7 మి.మీ. ముక్కలు కోసి తొడిగితే చాలు. ఎల్ఈడీ కొనని 400 నంబరు ఉప్పుకాగితం మీద రుద్దితే వెలుగు ఒకే చుక్కలా కాకుండా గొట్టమంతా పరుచుకుంటుంది. తీగ 34 గేజీ మోటారు వైండింగ్ వైరు. దాని మీద ఎనామిల్ పూత ఉంటుంది. బ్లేడుతో గీకకుండా టంకం పెడితే అతుక్కున్నట్టే కనపడి కరెంటు పోదు. ప్రతి అతుకునీ మల్టీమీటరుతో చూశాకే గోడ వెనక దాచాలి.

ఈ దీపాల అందమంతా నీళ్లలో నీడది. ఫౌంటెన్ తొట్టి 10 × 6 సెం.మీ., లోతు 3 మి.మీ., అంటే నీళ్లలా పోస్తే గాజులా గట్టిపడే రెసిన్ 18 మి.లీ. అడుగుకి నలుపులో ముదురు నీలం కలిపిన రంగు. లేత రంగేస్తే ప్రతిబింబం చచ్చిపోతుంది. అతుకుల్లో ముందే కొంచెం రెసిన్ రాసి ఎండనివ్వాలి, లేదంటే తెల్లారేసరికి తొట్టి ఖాళీ, కింద బల్లకి కొత్త పాలిష్. సీసాని వేడినీళ్లలో పది నిమిషాలు పెడితే పలచబడి బుడగలు తేలికగా పోతాయి. పోశాక డబ్బా బోర్లించాలి, దుమ్ముకి, దోమలకి.

జిన్ బొమ్మ లేదు. చూసేవాళ్లే జిన్. తొట్టి గట్టు మీద గోరంత కాగితం, అది కూపన్.

సెప్టెంబరు చివర: మిగతా రెండు

నురగ మనిషిది అరపూట పని. మొదటి పుస్తకం 4వ భాగంలో ఆంగ్ గోళీల గారడీ చూపించగానే ఆనందం పట్టలేక నురగ కక్కి పడిపోతాడు. ఫెవికాల్‌లో షాంపూ వేసి గిలక్కొడితే నురగ బాగానే వస్తుంది, ఎండేసరికి పొర పలచబడి మొత్తం చదునైపోతుంది. బీన్‌బ్యాగ్ థర్మకోల్ పూసల్లో 1 మి.మీ. లోపువి జల్లెడ పట్టి, యూవీ రెసిన్‌లో తడిపి, నోటి దగ్గర కుప్పగా పెట్టి యూవీ టార్చి కింద గట్టిపరచడమే. పెట్టె నేల మీద రెండు గోళీలు, ఆవగింజంత గాజుపూసలు.

లాంగ్‌షాట్ పెట్టె దాదాపు ఖాళీ. ఇతను సిరీస్ మొత్తంలో నోరు విప్పేది ఒక్కసారే, రెండో పుస్తకం 17వ భాగంలో, లావోగై సరస్సు కింద, అతని నాయకుడు జెట్ గాయపడి పడున్నప్పుడు. మీట నొక్కితే ఆ మాట వినిపించే చిప్ పెడదామన్న ప్రతిపాదన వచ్చింది, పోయింది. మాటలు పొదుపు చేసిన మనిషిని మీట నొక్కినప్పుడల్లా మాట్లాడించడం అన్యాయం. ఒక టోపీ, ఒక విల్లు, మసక ఆకుపచ్చ ఎల్ఈడీ ఒకటి. టోపీకి కొబ్బరి ఈనెలు నాలుగుగా చీల్చి గొడుగు ఊచల్లా పరిచి, పైన జనపనార పోగు చుట్టు తర్వాత చుట్టు. విల్లుకి వెదురు చీలిక 1.5 మి.మీ., మరిగే నీళ్లలో నానబెట్టి సీసా చుట్టూ కట్టి రాత్రంతా ఆరనివ్వాలి. తడి ఉండగానే విప్పితే మళ్లీ నిటారుగా అయిపోతుంది.

దసరా ముందు: పేరు పలకలు, మెట్టు

వర్తకుడికీ నురగ మనిషికీ పేర్లు లేవు కాబట్టి పలక మీద వృత్తో, చేసిన పనో రాశాం, కింద పుస్తకం, భాగం నంబరు. తెలుగులో, కన్నడంలో లేజర్‌తో చెక్కించాం. లేజర్ షాపు సాఫ్ట్‌వేర్‌లో తెలుగు అతికిస్తే వత్తులు విడిపోయి పక్కకి జరుగుతాయి. ఇంక్‌స్కేప్‌లో టైపు చేసి, అక్షరాల్ని పాత్‌గా (ఒట్టి గీతలుగా) మార్చి, ఆ ఫైలు ఇవ్వాలి. 5 మి.మీ. కన్నా చిన్న అక్షరమైతే వత్తు కడుపులు కాలిపోయి మూసుకుపోతాయి. సన్నగీతల ఫాంటు అసలు వద్దు.

కొలువు మెట్టు లోతు 22 సెం.మీ., పెట్టె బయటి లోతు తలుపుతో కలిపి 17. కింది మెట్టు మీద ఎప్పుడూ శెట్టిగారి అంగడి ఉంటుంది: శెట్టిగారు, శెట్టమ్మ, ముందు బుల్లి గిన్నెల్లో పప్పు, బియ్యం, బెల్లం. క్యాబేజీ పెట్టెని ఆ అంగడి పక్కన పెట్టాం. కొలువు దీపం వేడి తగిలితే వార్నిష్ జిగురు తిరుగుతుంది, అడుగున్నర ఎడం ఉంచాలి. మెట్టు గుడ్డ జారుతుంది కాబట్టి పెట్టె అడుగున నాలుగు మూలలా రబ్బరు బొడిపెలు. చిన్నపిల్లల చేతులకి అందే ఎత్తులో ఉన్నది కింది మెట్టే కనక, క్యాబేజీ పెట్టెకి 2 మి.మీ. యాక్రిలిక్ అద్దం గాడిలో దోపాం. జిన్ పెట్టెకి అద్దం వేయలేదు, తలుపు వాళ్లు తెరవాలి కదా. మైక్రో స్విచ్ మీట మాత్రం ఒకటి అదనంగా కొని పెట్టుకున్నాం. నేల మీద పడే ఐదు క్యాబేజీలకీ జోడుగా ఇంకో ఆరు చేసి అగ్గిపెట్టెలో ఉంచాం, ఎవరో ఒకరు ఎత్తుకుపోతారు.